లైబ్రరీ మిస్ జవాబులు: లాక్‌డౌన్‌లో మా పుస్తకాలు ఏమయ్యాయంటే

పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాఠకుడు, "కరోనా రోజుల్లో స్కూళ్లే తెరవలేదు, మరి స్కూలు లైబ్రరీలో పనిచేసేవాళ్లు ఏం చేశారట?" అని అడిగితే, "ఫోన్లో కథలు చదివాం, బూజు దులిపాం" అని ఒక్క లైన్లో తేల్చేశాను. చోటు లేక అలా రాశాను గానీ, ఆ ఒక్క లైనుకి వచ్చినన్ని ఉత్తరాలు నేను పేజీ నిండా రాసినప్పుడు కూడా రాలేదు. కొన్ని మెచ్చుకోళ్లు, రెండు మూడు చీవాట్లు, మిగతావన్నీ ప్రశ్నలు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే. కొత్తగా చదివేవాళ్ల కోసం చెప్తున్నాను, నేను చెన్నైలో ఒక ప్రైవేటు స్కూలు లైబ్రరీలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, పిల్లలు లైబ్రరీ మిస్ అంటారు, స్కూలు పేరు మాత్రం అడగొద్దు.

ప్రశ్న: స్కూలు మూసేశాక కూడా జీతం తీసుకున్నారు కదమ్మా. పుస్తకాలిచ్చే పనే లేనప్పుడు ఆ జీతం దేనికి? నేను రైల్వేలో చేసి రిటైరైనవాణ్ని. పని లేకుండా జీతం అంటే నాకు మింగుడు పడదు.
– ఒక పెద్దాయన, పెరంబూరు

జవాబు: సూటిగా అడిగారు, సూటిగానే చెప్తానండీ. జీతం పూర్తిగా రాలేదు. తమిళనాడులో 2020 మార్చి 17 నుంచే స్కూళ్లు మూసేశారు, 24 రాత్రి ప్రధానమంత్రి టీవీలో చెప్పాక దేశమంతా తాళం పడింది. ఏప్రిల్ నుంచి మాకు సగం జీతం, కొన్ని నెలలు అదీ లేదు. ఫీజులు రాకపోతే ఎక్కణ్ణుంచి తెచ్చిస్తామని మేనేజ్‌మెంట్, ఫోన్లో చెప్పే పాఠానికి అంత ఫీజేంటని తల్లిదండ్రులు. ఎవరి బాధ వాళ్లది, మధ్యలో నలిగింది మాలాంటి చిన్న ఉద్యోగులు. జులైలో మద్రాసు హైకోర్టు ఆగస్టు 31 లోపు 40 శాతం ఫీజు తీసుకోవచ్చని చెప్పాక కాస్త కదలిక వచ్చింది.

మరి ఆ ఫీజు అడిగే ఫోన్లు ఎవరితో చేయించారనుకున్నారు? టీచర్లు ఆన్‌లైన్ క్లాసుల్లో ఉంటారు కాబట్టి లైబ్రరీ, ల్యాబ్, పీటీ వాళ్లతో! పొద్దున్నే వాట్సాప్‌లో లిస్టు వచ్చేది, సాయంత్రానికి ఎవరు ఏమన్నారో రాసి పంపాలి. ఉద్యోగం పోయిందని ఏడ్చినవాళ్లున్నారు, నా నంబరు చూసి కట్ చేసినవాళ్లున్నారు. ఇన్నేళ్లలో నాకు నచ్చని పని ఏదైనా ఉందంటే అదే. ఆ ఫోన్లలోనే ఒకాయన, ఆటో నడుపుతారు, నేను ఫీజు సంగతి ఎత్తేలోపే, "మిస్, మా పాప ఇంట్లో ఉన్న ఒక్క కథల పుస్తకాన్నే చదివిందే చదువుతోంది, ఇంకోటి ఏమైనా దొరుకుతుందా?" అన్నారు. పుస్తకాలన్నీ తాళం వెనకాల ఉన్నాయి. సరే ఫోన్ పాపకివ్వండి అని, మా ఇంట్లో ఉన్న ఒక పిల్లల పుస్తకం తీసి అప్పటికప్పుడు చదివాను. మర్నాడు ఆ పాప తన స్నేహితురాల్ని కూడా కలిపింది. అలా మొదలైంది ఫోన్లో కథల పని. దానికి నాకు ఎవరూ జీతం ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మీ లెక్క ప్రకారం ఇది జీతం లేని పని కాబట్టి మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను.

ప్రశ్న: లాక్‌డౌన్‌లో మీరు బోలెడన్ని పుస్తకాలు చదివి ఉంటారు కదా మేడమ్? నాకు అప్పట్లో ఒక్క పేజీ కూడా సాగలేదు, ఇప్పటికీ పాత అలవాటు తిరిగి రాలేదు. మీరు ఏం చదివారో చెప్పండి.
– డిగ్రీ విద్యార్థిని, హోసూరు

జవాబు: లైబ్రరీలో ఉద్యోగం అంటే రోజంతా కాళ్లు చాపుకుని చదువుకోవడం అని లోకంలో ఒక నమ్మకం ఉందమ్మా. పుస్తకానికి అట్ట వేయడం, నంబరు అంటించడం, రిజిస్టర్ రాయడం, ఏ టీచరైనా సెలవు పెడితే ఆ క్లాసుకి వెళ్లి కూర్చోవడం, వీటితోనే సరిపోతుంది. అందుకని మూతపడగానే నేనూ అనుకున్నాను, ఇక చదువుకోవడమే అని. ఎక్కడ! ఏప్రిల్, మే నెలల్లో నేను చదివింది ఆరోగ్యశాఖ బులెటిన్ ఒక్కటే. సాయంత్రం ఆరు దాటితే చాలు, రాయపురం జోన్‌లో ఎన్ని, తిరువికనగర్‌లో ఎన్ని అని ఫోన్ పట్టుకుని కూర్చోవడం. మాది ఆ రెండో జోనే. మా వెనక వీధిలో కేసు వస్తే కార్పొరేషన్ వాళ్లు వీధికి అడ్డంగా రేకులు కొట్టేశారు, కబసుర కుడినీర్ కషాయం పంచారు, ఆ టెన్షన్‌లో నవల తెరిస్తే కళ్లు మళ్లీ మళ్లీ మొదటి పేరా దగ్గరే ఆగిపోయేవి. నీకు సాగలేదంటే అది నీ లోపం కాదు. ఏ క్షణాన ఏ కబురు వస్తుందో అని చెవి గుమ్మం దగ్గర ఉన్నప్పుడు బుర్ర పుస్తకంలో ఎలా ఉంటుంది?

నన్ను మళ్లీ చదువులోకి లాగింది మా అత్తగారు. ఆవిడకి ఏప్రిల్‌లో శుక్లాల ఆపరేషన్ జరగాలి, అత్యవసరం కానివన్నీ ఆస్పత్రులు వాయిదా వేశాయి కాబట్టి అదీ ఆగిపోయింది. టీవీలో చావుల లెక్కలు తప్ప ఏమీ లేవు, కళ్లు కనపడవు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచం కింద ట్రంకుపెట్టె లాగించి, "ఇందులోది ఏదన్నా చదివి పెట్టవే" అన్నారు. మన ఇళ్లలో వారపత్రికల సీరియల్స్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి దాచుకునేవారు చూడు, అవి. ప్రతి పేజీ వెనక సగం తెగిన తలనూనె ప్రకటన, ఎవరికో డాక్టరు గారి సలహా, ఆవిడే ఎప్పుడో పెన్నుతో పూరించిన గళ్లనుడికట్టు. నేను సీరియల్ చదువుతుంటే మధ్యలో "వెనకవైపు ఏముంది, అదీ చదువు" అనేవారు. అలా ఒక పాత వశీకరణ నూనె గురించి, ఆ కాలంలో మద్రాసులో గ్యాస్ కనెక్షన్ కోసం జనం పడ్డ పాట్ల గురించి కూడా తెలుసుకున్నాం.

ఒక సీరియల్‌కి చివరి భాగాలు లేవు. ఆ వారాలు సరిగ్గా మా ఆయన పుట్టినప్పటివట, ఆస్పత్రిలో ఉండి పత్రిక తెప్పించుకోలేదట. పక్కింటివాళ్ల పుస్తకంలో తర్వాత చదివానని ముగింపు నోటితో చెప్పారు, హీరోయిన్ ఉద్యోగంలో చేరిపోతుందని. వారం తర్వాత మళ్లీ అడిగితే మొగుడి దగ్గరికి వెళ్లిపోతుందన్నారు. ఏది నిజమో ఇప్పటికీ తేలలేదు. ఆ ఏడాది చివర్లో ఆపరేషన్ అయింది. కళ్లు వచ్చాక అవే పుస్తకాలు తిరగేసి, ప్రకృతి వర్ణనలన్నీ నేను ఎగ్గొట్టేశానని పట్టేసుకున్నారు.

నీకు చెప్పేదేమిటంటే, ఒంటరిగా మౌనంగా చదవడం కుదరకపోతే ఇంట్లో ఎవరికైనా బయటికి చదువు. వినేవాళ్లు ఎదురుగా ఉంటే పేజీ మధ్యలో ఫోన్ తీయలేం. నవల వద్దు, కథ కూడా పెద్దదే, ముందు నాలుగు పేజీల్లో అయిపోయేది ఏదైనా పట్టుకో.

ప్రశ్న: అక్కా, ఇంత కష్టం ఎందుకు? టెలిగ్రామ్‌లో వేల తెలుగు పీడీఎఫ్‌లు ఫ్రీగా ఉన్నాయి. నా దగ్గరే రెండు వేలు ఉన్నాయి. ఒక లింకు క్లాస్ గ్రూప్‌లో పడేస్తే అయిపోయేది కదా.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: ఆ రెండు వేలలో ఎన్ని చదివావు తమ్ముడూ? నిజం చెప్పు.

లింకులు నేనూ పంపాను. నేషనల్ బుక్ ట్రస్ట్ లాక్‌డౌన్ మొదట్లోనే కొన్ని పుస్తకాలు ఉచితంగా దింపుకోనిచ్చింది. మీ బెంగళూరువాళ్లే, ప్రథమ్ బుక్స్, 2015 నుంచి స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో పిల్లల కథలు ఎవరైనా వాడుకునేలా పెడుతున్నారు, తెలుగువీ ఉన్నాయి, రెండు భాషలు పక్కపక్కన పెట్టుకుని చదవొచ్చు కూడా. బంగారం లాంటి చోటు. కానీ నేను గ్రూప్‌లో పెట్టిన లింకుల కింద బొటనవేలు గుర్తులు తప్ప ఏమీ వచ్చేవి కావు, వారం తర్వాత ఒక పిల్లాడు విడిగా మెసేజ్ చేశాడు: "మిస్, ఇందులో నేను ఏది చదవాలి?" లైబ్రరీలో మేం చేసే పని అదే. గోడ నిండా పుస్తకాలు పెట్టడం సగం పని. ఈ పిల్లాడికి క్రికెట్ పిచ్చి, పెద్ద పేరాలు చూస్తే పారిపోతాడు, వీడికి ఇది ఇస్తే చదువుతాడు అని తెలిసి చేతిలో పెట్టడం మిగతా సగం. లింకు ఆ రెండో సగం చేయదు.

ఇంకో సంగతి, ఫోన్. 2020 సెప్టెంబరులో పల్లె పిల్లల చదువుల మీద జరిపిన అసర్ సర్వేలో బడి పిల్లలున్న ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 61.8 శాతం, రెండేళ్ల ముందు అది 36.5. భలే పెరిగింది అన్నారు అందరూ. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, అది పిల్ల చేతికి రావడం వేరు. చెన్నైలో మా పిల్లల ఇళ్లలోనూ ఫోన్ ఒక్కటే, అది నాన్నతోపాటు పనికి పోతుంది, రాత్రి తిరిగొచ్చాక అన్నకి క్లాసు, తమ్ముడికి హోంవర్కు. చివర్లో కథల పీడీఎఫ్‌కి ఛార్జింగ్ ఎక్కడ మిగులుతుంది? అందుకే మామూలు కాన్ఫరెన్స్ కాల్ మేలనిపించింది, బటన్ల ఫోన్‌కి కూడా వస్తుంది, డేటా అక్కర్లేదు. ఒకసారికి నలుగురైదుగురు పిల్లలు. ఒక ఇంట్లో ఫోన్‌ని స్పీకర్లో పెట్టి గ్యాస్ సిలిండర్ మీద పెట్టేవారు, నా కథలో పులి వచ్చేసరికి వాళ్ల కుక్కర్ కూత వేసేది, పిల్లలు కెవ్వుమనేవారు. వాళ్ల నాయనమ్మ కూడా వింటోందని నాకు చాలా రోజుల దాకా తెలియదు. ఒకరోజు నేను అరవంలో చదువుతుంటే వెనకనుంచి, "అమ్మాయ్, రేపు మన తెలుగులో ఒకటి చెప్పు, నాకు సగమే అర్థమవుతోంది" అని వినిపించింది. ఆ తర్వాత శుక్రవారాలు తెలుగు కథ ఖాయం చేశాం.

ఫ్రీ సంగతి కూడా తేల్చుకుందాం. 2020 మార్చి 24న అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ 14 లక్షల స్కాన్ పుస్తకాలను, ఒకరి తర్వాత ఒకరు అనే వరుస లేకుండా ఒకేసారి అందరికీ అరువిచ్చింది. జూన్ 1న నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు కోర్టుకెక్కాయి, జూన్ 16కే దాన్ని ఆపేశారు, 2023లో తీర్పు కూడా ఆర్కైవ్‌కి వ్యతిరేకంగానే వచ్చింది. మనదేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు వారసులది. అంటే గురజాడ, కందుకూరి రచనలు నిక్షేపంగా దింపుకో. నిన్నగాక మొన్న సొంత డబ్బు పెట్టి వెయ్యి కాపీలు వేసుకున్న మన రచయిత పుస్తకం స్కాన్ చేసి టెలిగ్రామ్‌లో పెడితే మాత్రం దాన్ని నేను లైబ్రరీ అనను.

ప్రశ్న: ఫోన్లు, లింకులు సరే. పుస్తకాలు సంచిలో వేసుకుని ఇంటింటికీ ఎందుకు పంచలేదు? మా ప్రాంతంలో ఒకప్పుడు పడవ మీద పుస్తకాలు తిప్పినవాళ్లున్నారు.
– రిటైర్డ్ టీచరు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ ప్రాంతం సంగతి ఎత్తి నా నోరు మూయించారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. ఇక్కడ అరవనాట అంతకు నాలుగేళ్ల ముందే, 1931లో, మన్నార్‌గుడి దగ్గర ఎడ్లబండి లైబ్రరీ నడిచింది, దాన్ని ప్రారంభించింది ఎస్.ఆర్. రంగనాథన్ గారు. పుస్తకాలున్నది వాడటానికే అని, గ్రంథాలయ శాస్త్రానికి తాను చెప్పిన అయిదు సూత్రాల్లో మొట్టమొదట రాసిన మనిషి, ఆ పుస్తకం కూడా అదే ఏడాది మద్రాసులోనే అచ్చయింది.

కానీ 2020లో చెన్నైలో ఎడ్లబండి కాదు, స్కూటర్ కదిలినా పోలీసులు ఆపేవారు. కోయంబేడు మార్కెట్ నుంచి కేసులు పాకాక మే నెల భయంతోనే గడిచింది, జూన్ 19 నుంచి జులై 5 దాకా మళ్లీ గట్టి లాక్‌డౌన్, జిల్లా దాటాలంటే ఈ-పాస్. మాకు దొరికిన సందు పాఠ్యపుస్తకాలు పంచే రోజు. తల్లిదండ్రులు టైమ్ ప్రకారం ఒక్కొక్కరే గేటు దగ్గరికి వచ్చి కట్ట తీసుకెళ్లాలి. ఆ కట్టలో లైబ్రరీ పుస్తకం ఒకటి పెట్టనివ్వమని అడిగాను. తిరిగి రాకపోతే బాధ్యత ఎవరిది అన్నారు. రిజిస్టర్‌లో నా సంతకం పెడతాను అన్నాను. ఒప్పుకున్నారు. పేర్లు చూసి, ఎవరికి ఏది సరిపోతుందో ఆలోచించి కట్టడానికి రెండు రోజులు పట్టింది, మొత్తం లాక్‌డౌన్‌లో నాకు నా ఉద్యోగంలా అనిపించిన పని అదొక్కటే. కొన్ని పోయాయి. పోనీండి.

ప్రశ్న: లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం మీద నేను ఇప్పటికీ శానిటైజర్ కొట్టి తుడుస్తాను. మంచిదేనా?
– గృహిణి, ఆవడి

జవాబు: దయచేసి మానేయండమ్మా. శానిటైజర్‌లో ఆల్కహాల్ అట్ట మీది మెరుపు పూతని, కొన్ని రకాల ఇంకుని కరిగిస్తుంది, తడి లోపలికి దిగితే బూజు. ఎండలో పెట్టినా, అప్పట్లో అమ్మిన నీలం లైటు డబ్బాల్లో పెట్టినా వెలుగు పై అట్టకే తగులుతుంది, లోపలి పేజీలకి కాదు. 2020లో భయపడటానికి కారణం ఉంది, వైరస్ అట్టపెట్టె మీద 24 గంటలు, ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా ఉంటుందని ఆ మార్చిలోనే శాస్త్రవేత్తలు చెప్పారు. అందుకే తిరిగొచ్చిన పుస్తకాలని మేం మూడు రోజులు విడిగా ఉంచి కానీ అలమరలో పెట్టేవాళ్లం కాదు. ఒకదానిమీద ఒకటి దొంతరగా పెడితే ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తోందని ఆ తర్వాత అమెరికా గ్రంథాలయాల కోసం చేసిన పరీక్షల్లో తేలింది, దాంతో పక్కపక్కన పరచడం మొదలుపెట్టాం. చివరికి 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ, వస్తువులు ముట్టుకోవడం వల్ల అంటుకునే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువే అని చెప్పేసింది. చదివాక చేతులు కడుక్కోండి, చాలు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పే అలవాటుంటే అది మాత్రం కరోనా లేకపోయినా మానాల్సిందే.

ప్రశ్న: నేనూ మీలాగే స్కూలు లైబ్రరీలో అసిస్టెంటుని మేడమ్. లాక్‌డౌన్ తర్వాత గది తెరిస్తే సగం పుస్తకాలు బూజు, పురుగు. ఇప్పుడు ప్రతి వేసవి సెలవుల తర్వాతా భయమే. మీరు ఏం చేశారు?
– నెల్లూరు నుంచి ఒక సోదరి

జవాబు: సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లం కదా, మన బాధ ఒక్కటే. 2021 జనవరి 19న పది, పన్నెండు క్లాసులకి స్కూలు తెరుస్తారని తెలిశాక శుభ్రం చేయడానికి వెళ్లాం. అంతకు రెండు నెలల ముందే నివర్ తుపాను. కిటికీకి ఒక అద్దం పగిలి జల్లు లోపలికి కొట్టింది, ఎవరూ చూడలేదు. తలుపు తీయకముందే వాసన తెలిసిపోయింది. కథల పుస్తకాలు, చవక కాగితం మీద అచ్చేసినవి, ఉబ్బి మరకలు పడ్డాయి గానీ బతికాయి. పోయినవి మా ఖరీదైనవి: అట్లాసులు, బొమ్మల విజ్ఞాన సర్వస్వాలు, బరువని కింది అరలో పెట్టాం కదా, అవి. నున్నటి ఆర్ట్ పేపర్ మీద ఉండే పూత తడిస్తే జిగురైపోతుంది, ఆరాక పేజీలన్నీ కలిసి ఒకే దిమ్మ. ఒకదాన్ని విడదీయబోతే ఆఫ్రికా మొత్తం అవతలి పేజీకి అంటుకుని ఊడొచ్చింది. ఆరిపోయాక ఇక దానికి మందు లేదు. తడిగా ఉండగానే పేజీకీ పేజీకీ మధ్య మైనం పూత కాగితం పెట్టి విడదీసి ఉంటే కొన్నైనా దక్కేవి, కానీ ఆ పని చేయడానికి గదిలోకి మనిషి వెళ్లాలిగా.

మామూలు కాగితం పుస్తకాలైతే నీడలో, ఫ్యాను గాలికి, నిలబెట్టి విసనకర్రలా విప్పి ఆరబెట్టు. ఎండలో వద్దు, వంకరపోతాయి. బూజుని తడిగుడ్డతో తుడవకు, ఇంకా లోపలికి పోతుంది, పూర్తిగా ఆరాక మాస్కు కట్టుకుని ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులుపు. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే ఉంటే బూజు రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు, అందుకే సెలవుల్లో వారానికొకసారి పొడి రోజు చూసి కిటికీలు తీయించు, వాచ్‌మన్‌ని బతిమాలైనా సరే. అర నేలకి జానెడు ఎత్తున ఉండాలి, గోడకి ఆనించకూడదు. వెండిరంగులో మెరుస్తూ జారిపోయే ఆ సన్నటి పురుగులు తినేది అట్టల్లోని గంజి, జిగురు, వాటికి కావలసిందీ తేమే. వేపాకు పెట్టేవాళ్లున్నారు, బాగా ఎండింది పెడితే సరే, పచ్చిది పెడితే మనమే తేమ తెచ్చిచ్చినట్టు. కలరా ఉండలు చిన్నపిల్లలు తిరిగే గదిలో నేను పెట్టను. మరీ విలువైన పుస్తకానికి పురుగు పడితే గాలి పోకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు పెట్టి, బయటికి తీశాక కవరు విప్పకుండా ఒకరోజు గది వేడికి వదిలేయి. మా ఇంటి ఫ్రిజ్‌లో చేపల పక్కన ఒక నిఘంటువు అలాగే పడుకుని బతికింది.

ప్రశ్న: చెన్నైలో తెలుగు పుస్తకాలు కొనకుండా చదవాలంటే ఎక్కడికి వెళ్లాలి?
– కొళత్తూరు పాఠకుడు

జవాబు: ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం. 1896 నాటిది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక కాపీ చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి, కాబట్టి విజయవాడ, హైదరాబాదు పుస్తకాలకీ అక్కడ చోటుంది. కోట్టూరుపురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం 2010 నుంచి ఉంది, పిల్లల విభాగం కోసమైనా వెళ్లండి. మీ ఆస్తిపన్నులో రూపాయికి పది పైసలు లైబ్రరీ పన్నే, ఎలాగూ కడుతున్నారు, వాడుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు దాటాయి. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం ఒక్క అక్షరం రాదు. స్కూల్లో తమిళం, ఇంగ్లీషు. లాక్‌డౌన్‌లో ఎల్‌కేజీ ఫోన్‌లోనే అయింది, అసలు పుస్తకమంటేనే పడదు. తెలుగు కూడా నేర్పితే బరువైపోతుందా?
– ఒక అమ్మ, అన్నానగర్

జవాబు: వాడి ఈడు పిల్లలందరిదీ ఇదే కథ. దేశం మొత్తం మీద పల్లెటూరి బడుల్లో, రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27.2 శాతం ఉంటే 2022లో 20.5కి పడిపోయారు. మన చెన్నైలో ఒకటి నుంచి ఎనిమిది క్లాసులకి స్కూలు తెరిచిందే 2021 నవంబర్ 1న, వారం తిరక్కుండా వాన వచ్చి మళ్లీ మూశారు. పుస్తకం ముట్టుకునే వయసులో వాడికి స్క్రీన్ ఇచ్చాం, ఇప్పుడు పుస్తకం నచ్చలేదని వాడిని తిట్టి లాభం లేదు.

బరువు కాదమ్మా, కానీ అక్షరమాల చార్టు గోడకి కొట్టి గుణింతాలు వల్లె వేయించొద్దు. 2006 చట్టం వచ్చాక ఇక్కడ తమిళం తప్పనిసరి, కాబట్టి వాడికి ఒత్తుల సంగతి తప్ప గుణింతం లెక్క తెలిసే ఉంటుంది, అరవంలో 'క, కా, కి, కీ' వచ్చినవాడికి తెలుగులో కొత్త బొమ్మలు గుర్తుపట్టడమే పని. ముందు మీరు చదవండి. రాత్రి పడుకునే ముందు పావుగంట, బొమ్మల కథ, వేలు అక్షరాల కింద నడుపుతూ. వాడు అడగకపోతే ఏ అక్షరమూ నేర్పొద్దు. చదివిందే మళ్లీ చదవమంటాడు, విసుక్కోకుండా చదవండి, రోజూ విన్న కథలో తర్వాతి మాట ఏదో వాడికి తెలుసు కాబట్టి అక్షరాన్ని ఊహించి పట్టుకుంటాడు. నా శుక్రవారం తెలుగు కథలు విన్న పిల్లల్లో ఇద్దరు అలాగే నేర్చుకున్నారు, ఒకడైతే మొదట చదివింది బియ్యం బస్తా మీది పేరు. కథల పుస్తకమే చదవాలని పట్టుబట్టకండి. బస్సు బోర్డు, నెల్లూరు నుంచి వచ్చిన పెళ్లి శుభలేఖ, తాతయ్య పంపిన వాట్సాప్ మెసేజ్, ఏదైనా సరే. తాతయ్యకి తెలుగులో జవాబు టైప్ చేయమనండి, ఫోన్ మీద ప్రేమ ఉంది కదా, ఆ ప్రేమనే వాడుకుందాం.

ప్రశ్న: చెప్పడానికి సిగ్గుగా ఉంది మిస్. లాక్‌డౌన్‌కి ముందు వారం మా స్కూలు లైబ్రరీ నుంచి తీసుకున్న పుస్తకం ఇంకా మా ఇంట్లోనే ఉంది. నేను ఇప్పుడు కాలేజీలో ఉన్నాను. ఫైన్ ఎంతవుతుందో లెక్కేయాలంటేనే భయం. ఒక పేజీ కూడా చిరిగింది.
– పేరు వద్దు, తాంబరం

జవాబు: ఫైన్ ఎవరూ అడగరు నాన్నా, ఆ రెండేళ్లకి చాలా స్కూళ్లు ఫైన్ లెక్కే కట్టలేదు. నేను 2021లో స్టాక్ సరిచూసినప్పుడు బయట ఉన్న పుస్తకాలకి ఎదురుగా 'రావాలి' అని పెన్సిల్‌తో రాసుకున్నాను, పెన్నుతో 'పోయింది' అని రాయలేదు. ఇప్పటికీ ఒకటీ అరా వస్తున్నాయి. పోయిన దసరా సెలవుల ముందు ఒక అబ్బాయి మీసాలతో వచ్చాడు, నేను గుర్తుపట్టలేదు, చేతిలో ఒకటో తరగతి బొమ్మల పుస్తకం, చెల్లెలి పేరు మీద తీసుకున్నదట. మీ స్కూలుకి వెళ్లి ఆఫీసులో కాదు, నేరుగా లైబ్రరీలో ఇవ్వు. ఆఫీసులో ఇస్తే అది బీరువా మీద ఇంకో రెండేళ్లు ఉంటుంది. చిరిగిన పేజీకి మాత్రం సెల్లోటేప్ వేయకు, కొన్నాళ్లకి పచ్చబడి కాగితాన్ని తినేస్తుంది. ఊడిన ముక్క ఉంటే పుస్తకంలోనే పెట్టి తీసుకెళ్లు, అతికించే పని వాళ్లు చూసుకుంటారు.